మొక్కలు నాటే ముందు: క్షీణించిన నేలను పునరుద్ధరించే పని ఎలా చేయాలి

క్షీణించిన ఒక భూభాగం బాధ్యత చేతికి రాగానే చాలామంది ముందుగా అడిగేది ఏ మొక్కలు నాటాలని. అడగవలసిన ప్రశ్నే గాని, దాని వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ నేల చెడిపోకముందు ఎలా ఉండేది, దాన్ని చెడగొట్టిన కారణం ఇప్పటికీ ఉన్నదా, మనం చేయి పెట్టకుండా ఉంటే అది తనంతట తాను ఎంతవరకు కోలుకుంటుంది అనే మూడు సంగతులు తేలకుండా గుంతలు తవ్వడం మొదలుపెడితే శ్రమ, సొమ్ము వృథా కావడమే కాక, ఒక్కోసారి మిగిలి ఉన్న జీవజాలం కూడా దెబ్బతింటుంది.

ఈ తొందరకు కారణం లేకపోలేదు. 2011లో మొదలైన బాన్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ కార్యక్రమం 2030 నాటికి 35 కోట్ల హెక్టార్ల భూమిని పునరుద్ధరణ కిందికి తేవాలని పిలుపునిచ్చింది. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు ఉన్న దశాబ్దాన్ని ఆవరణ వ్యవస్థల పునరుద్ధరణకు కేటాయించింది. 2022 డిసెంబరులో జీవవైవిధ్యంపై దేశాల మధ్య కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలోని రెండో లక్ష్యం ప్రకారం, 2030 నాటికి క్షీణించిన ఆవరణ వ్యవస్థల్లో కనీసం 30 శాతం చోట పునరుద్ధరణ పని జరుగుతూ ఉండాలి. ఇంతింత అంకెలు ముందున్నప్పుడు, తేలికగా లెక్కకు అందే వస్తువు నాటిన మొక్క కాబట్టి, దాన్నే విజయానికి కొలమానంగా పెట్టుకోవడం అలవాటైపోయింది. కొద్ది హెక్టార్ల భూమిని చూసుకునే చిన్న బృందాలను దృష్టిలో పెట్టుకొని, నాటడాన్ని చివరి పనిగా ఎంచి, వరుస క్రమంలో ఏమేం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

నేల స్వభావాన్ని గుర్తించడం

అదే వాతావరణంలో, అదే రకం నేల మీద, ఎక్కువగా చెడిపోకుండా మిగిలిన ఒక స్థలాన్ని ముందుగా వెతకాలి. ఒకటి కంటే రెండు మూడు దొరికితే మరీ మంచిది. వాటిలో ఏ జాతులు, ఏ నిష్పత్తిలో, ఏ అంతస్తుల్లో పెరుగుతున్నాయో రాసుకుంటే అదే మన పనికి నమూనా అవుతుంది. నమూనా అన్నంత మాత్రాన ఆ స్థలాన్ని అచ్చుగుద్దినట్టు దించాలని కాదు. మారుతున్న వాతావరణంలో గతాన్ని యథాతథంగా తిరిగి తేవడం చాలాచోట్ల సాధ్యం కాదు. పని ఏ దిక్కుగా సాగాలో చెప్పడానికి మాత్రం అది తప్పక కావాలి. పాత పటాలు, పాత ఫోటోలు, ఉపగ్రహ చిత్రాలు, ఆ ప్రాంతంలో చాలాకాలంగా పశువులు కాసినవారి జ్ఞాపకాలు కూడా పనికివస్తాయి.

ఈ దశలో జరిగే అతి పెద్ద పొరపాటు గడ్డిభూమిని పాడైపోయిన అడవిగా భ్రమపడటం. ఆఫ్రికా సవన్నాలు, బ్రెజిల్‌లోని సెరాడో వంటివి వేల, లక్షల ఏళ్లుగా వెలుతురుకు, మంటలకు, మేతకు అలవాటుపడిన ప్రాచీన ఆవరణ వ్యవస్థలు. వాటిలో దట్టంగా చెట్లు పెంచితే నీడ కమ్మి, వెలుతురు కావలసిన జాతులన్నీ కనుమరుగవుతాయి. అటువంటి గడ్డిభూమిని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి బతికే గడ్డి దుబ్బుల మధ్య పూలమొక్కలు రకరకాలుగా కనిపిస్తాయి. ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి చూస్తే పైన జానెడు ఆకు ఉన్నా కింద లావుపాటి దుంపో, చేవదేలిన వేరు మొదలో ఉంటుంది. అక్కడక్కడ ఉన్న చెట్లకు మంటను తట్టుకునే మందపాటి బెరడు ఉంటుంది. ఇటీవల చెట్లు నరికిన అడవి నేలలో ఇవి ఉండవు. అక్కడ మోడులు, మోడుల నుంచి లేచే చిగుళ్లు, నీడను ఇష్టపడే మొక్కల అవశేషాలు ఉంటాయి. మొదటి రకం ఆనవాళ్లు కనిపిస్తే చెట్ల పథకాన్ని అక్కడితో ఆపి, గడ్డిని ఎలా కాపాడాలన్నదే ఆలోచించడం మంచిది. దాతలకు ఈ మాట చెప్పి ఒప్పించడం కష్టమే, అయినా చెప్పక తప్పదు.

చెడుపుకు మూలాన్ని తొలగించడం

మితిమీరిన మేత, తరచుగా రేగే మంటలు, తవ్విన కాలువల వల్ల ఇంకిపోయిన చిత్తడి, పైనుంచి కొట్టుకువచ్చే ఎరువుల నీరు, బయటి నుంచి వచ్చి స్థానిక మొక్కలను అణచివేసే దురాక్రమణ జాతులు వంటివాటిలో ఏది పనిచేస్తున్నదో కనిపెట్టి ముందు దాన్ని ఆపాలి. ఎండిన చిత్తడి నేల విషయంలో కాలువను పూడ్చి నీరు నిలిచేలా చేయడమే అసలైన పునరుద్ధరణ. ఆ తరువాత మొక్కలు చాలావరకు వాటంతట అవే వస్తాయి.

దురాక్రమణ జాతుల సంగతి కాస్త విపులంగా చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలో ఆస్ట్రేలియా తుమ్మలు, పైన్ చెట్లు కొండవాలులను ఆక్రమించి వాగుల్లో నీటిని తగ్గించడంతో, వాటిని తొలగించడానికి 1995లో ప్రభుత్వమే ‘వర్కింగ్ ఫర్ వాటర్’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. చెట్టును నరికితే పని అయిపోదని, నేలలో పేరుకున్న విత్తనాలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయని, అందువల్ల ప్రతి స్థలానికీ మళ్లీ మళ్లీ రావలసిందేనని అటువంటి చోట్ల పనిచేసినవారందరికీ తెలుసు.

ఉష్ణమండలమంతటా వ్యాపించిన లంటానా అనే పొదను ఉదాహరణగా తీసుకుందాం. కాండాలను నేలమట్టానికి నరికితే కొద్ది వారాల్లోనే పొద మునుపటికంటే గుబురుగా చిగురిస్తుంది, ఎందుకంటే చిగురు మొగ్గలన్నీ కాండం, వేరు కలిసే చోట, నేలకు ఆనుకొని ఉంటాయి. అందువల్ల మొదలు చుట్టూ మట్టిని కాస్త గీకి, చిగురించే ఆ భాగానికి దిగువన, అంటే నేలకు కొన్ని సెంటీమీటర్ల లోతున తల్లివేరును పలుగుతోనో గొడ్డలితోనో తెగగొట్టాలి. తరువాత పొదను మొత్తంగా పెకలించి, వేరు మొదలు నేలకు తగలకుండా తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయలు పండకముందే ఈ పని పూర్తి కావాలి. పక్షులు వాలే చెట్ల కింద లంటానా మొలకలు గుంపులుగా లేస్తాయి కాబట్టి తరువాతి తనిఖీలను ఆ చెట్ల కింద మొదలుపెడితే సమయం కలిసివస్తుంది. పొదలు తీసిన నేలను బోడిగా వదిలేస్తే ఇంకో కలుపు వచ్చి కూర్చుంటుంది. స్థానిక గడ్డి గింజలను వెంటనే చల్లాలి. మొత్తం స్థలాన్ని ఒకేసారి శుభ్రం చేయాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. ఏడాదిలో మళ్లీ మళ్లీ చూసుకోగలిగినంత మేరకే తీసి, మిగిలినది వచ్చే ఏడాదికి ఉంచడం మేలు. ఈలోగా ఆ పొదల్లో గూడు కట్టుకున్న జీవులకు కూడా కొంత వ్యవధి దొరుకుతుంది.

తనంతట తాను కోలుకునే శక్తిని కొలవడం

కారణాన్ని ఆపిన తరువాత ఒక పూర్తి వర్షాకాలం, లేదా అక్కడి మొక్కలు పెరిగే కాలం ఏదైతే అది, ఏమీ నాటకుండా గమనించాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల గళ్లు కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచుకొని, ఒక్కో గడిలో స్థానిక చెట్ల మొలకలు, మోడుల నుంచి వచ్చిన చిగుళ్లు, బతికి ఉన్న చిన్న చెట్లు ఎన్నో, అవి ఎన్ని జాతులవో లెక్కించాలి. పచ్చగా, ఒత్తుగా కనిపించే చోట కూడా ఉన్నవన్నీ రెండు మూడు జాతులే కావచ్చు, కనుక సంఖ్య ఒక్కటే చూసి తృప్తిపడకూడదు.

ఈ లెక్క ఎలా పనికివస్తుందో ‘ఫ్రేమ్‌వర్క్ జాతుల పద్ధతి’ చక్కగా చూపుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టిన ఈ పద్ధతిని థాయిలాండ్‌లో చియాంగ్ మాయి విశ్వవిద్యాలయానికి చెందిన అటవీ పునరుద్ధరణ పరిశోధన విభాగం 1994 నుంచి అభివృద్ధి చేసింది. అక్కడి అడవుల్లో వారు సహజంగా ఉన్నవి, నాటినవి కలిపి హెక్టారుకు సుమారు 3,100 చెట్లు ఉండేలా చూస్తారు. అంటే నేలలో ఇప్పటికే ఉన్నవాటిని లెక్కవేసి, తక్కువైనంత మేరకే నాటుతారు. నాటేవి కూడా వేగంగా నీడపట్టి కలుపును అణచేవి, పక్షులను, గబ్బిలాలను రప్పించే పండ్లు తొందరగా కాసేవి అయిన 20 నుంచి 30 స్థానిక జాతులే. మిగిలిన జాతుల గింజలను ఆ జీవులే సమీపంలోని అడవి నుంచి మోసుకొస్తాయి. దగ్గర్లో అడవి లేకపోతే ఈ పద్ధతి ఫలించదు. 3,100 అన్న అంకె కూడా ఆ రకం అడవికి చెందినదే గాని, పొడి నేలలకో గడ్డిభూములకో వర్తించేది కాదు.

సహజ మొలకలు సరిపడా ఉంటే వాటి చుట్టూ కలుపు తీసి, కొయ్యముక్క పాతి గుర్తు పెట్టి, పశువులు, మంటలు రాకుండా కాపాడితే చాలు. ఖర్చులోను, ఫలితంలోను దీనికి మించినది లేదని నా అభిప్రాయం. ప్రారంభోత్సవాలకు, ఫోటోలకు అవకాశం ఉండదు గనుకనే దీనికి ఆదరణ తక్కువ.

విత్తనం

నాటక తప్పదని తేలితే అసలు చిక్కు విత్తనం దగ్గర వస్తుంది. పెద్ద పెద్ద లక్ష్యాలకు సరిపడా స్థానిక విత్తనం ప్రపంచంలో చాలాచోట్ల లేదు. నర్సరీలో దొరికిందేదో నాటడంతోనే అనేక పథకాలు దారితప్పాయి. కాబట్టి నాటాలనుకున్న కాలానికి కనీసం ఒకటి రెండేళ్ల ముందే సేకరణ మొదలుపెట్టాలి.

ఒకే పెద్ద చెట్టు కింద బస్తా నింపుకోవడం సులువే, కాని ఆ విత్తనం నుంచి వచ్చే మొక్కలన్నీ తోబుట్టువులు. అవి పెరిగి తమలో తాము పరాగ సంపర్కం జరుపుకుంటే తరువాతి తరం బలహీనపడుతుంది. వీలైతే ఒకదానికొకటి దూరంగా ఉన్న 50 తల్లిమొక్కల నుంచి, ఒక్కోదాని నుంచి దాదాపు సమానంగా సేకరించాలి. ఆ మందలో, అంటే ఒకచోట పెరిగే ఆ జాతి మొక్కల సమూహంలో, 5 శాతానికి మించి ఉన్న జన్యు రూపాలు దాదాపుగా చేతికందడానికి ఆ సంఖ్య సరిపోతుందని లెక్క. ఏ రోజైనా పండి ఉన్న విత్తనంలో 20 శాతానికి మించి తీయకూడదు. అరుదైన జాతుల విషయంలో అంతకంటే బాగా తగ్గించాలి. పొలాల మధ్య ఒంటరిగా మిగిలిన చెట్టుకు కాపు బాగున్నా, పుప్పొడి దొరక్క ఆ గింజలు స్వపరాగ సంపర్కం వల్ల ఏర్పడినవి కావచ్చు.

సేకరించే ముందు కొన్ని గింజలను బ్లేడుతో నిలువునా కోసి చూడటం తప్పనిసరి అలవాటుగా చేసుకోవాలి. లోపల గట్టిగా, తెల్లగా లేదా లేతాకుపచ్చగా నిండుగా ఉంటే మంచి గింజ. డొల్లగా ఉన్నా, పాల వంటి ద్రవం ఉన్నా, పురుగు తొలిచిన పొడి ఉన్నా ఆ చెట్టును వదిలేయడమో, కొద్ది రోజులు ఆగి రావడమో చేయాలి. సంచిలో వేసేటప్పుడే జాతి పేరు, తేదీ, స్థలం, ఎన్ని తల్లిమొక్కల నుంచి తీశారన్నది చీటీ మీద పెన్సిలుతో రాసి లోపల ఒకటి, బయట ఒకటి ఉంచాలి. చీటీ లేని విత్తనం ఎంత మంచిదైనా పునరుద్ధరణకు పనికిరాదు.

నిల్వ చేయడానికి ముందు అది ఏ రకం విత్తనమో తెలియాలి. చాలా జాతుల గింజలను బాగా ఆరబెట్టి చల్లని చోట ఉంచితే ఏళ్ల తరబడి బతుకుతాయి. 2000లో ఇంగ్లండులోని వేక్‌హర్స్ట్‌లో ప్రారంభమైన మిలీనియం సీడ్ బ్యాంకు వంటి సంస్థలు గింజలను సుమారు 15 శాతం గాలి తేమలో ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాచేది ఇందుకే. గింజలోని తేమ ఒక్క శాతం తగ్గినా, నిల్వచేసే చోట ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా గింజ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు సూత్రం ఉంది. ఖరీదైన పరికరాలు లేనివారు గింజ ఆరిందో లేదో ఉప్పుతో పరీక్షించవచ్చు. బాగా పొడిగా ఉన్న ఉప్పును కొద్దిగా గాజుసీసాలో పోసి, గింజలు వేసి, మూత బిగించి కుదిపి, పది పదిహేను నిమిషాలు ఉంచాలి. ఉప్పు ఉండకట్టినా, గాజుకు అంటుకున్నా గింజలో ఇంకా తేమ ఉన్నట్టే. పొడిగా రాలుతుంటే తరువాతి దశకు, అంటే తేమను పీల్చే సిలికా జెల్ వేసిన బిగుతు మూత సీసాలోకి మార్చవచ్చు. ఎండలో కాక, నీడలో గాలి ఆడే చోట పలుచగా పరచి ఆరబెట్టాలి.

మామిడి, పనస, సాల్, ఓక్ వంటివి ఇందుకు పూర్తిగా భిన్నం. వీటి గింజలు ఆరితే చచ్చిపోతాయి. సాల్ గింజకు రాలిన తరువాత కొద్ది రోజుల ఆయుష్షే ఉంటుంది. కనుక వీటిని తడిగుడ్డలోనో, చెమ్మగిల్లిన రంపపు పొట్టులోనో ఉంచి తెచ్చి వెంటనే నాటేయాలి. విత్తన బ్యాంకులు ఇటువంటి జాతులను మామూలు పద్ధతిలో దాచలేవు. గింజలోని పిండాన్ని ద్రవ నత్రజనిలో దాచే పద్ధతులున్నా అవి ప్రయోగశాలల పని.

మొలవని గింజ చచ్చినదని తేల్చడానికి తొందరపడకూడదు. గట్టి పెంకు గల చిక్కుడు కుటుంబపు గింజలకు పెంకును కాస్త గీరడమో, మరిగించి దించిన నీటిలో పోసి చల్లారేదాకా నాననివ్వడమో చేస్తే నీరు లోపలికి పోతుంది. శీతల దేశాల అనేక జాతులకు కొన్ని వారాల తడి, చలి కావాలి. మంటలకు అలవాటుపడిన ప్రాంతాల జాతులు కొన్ని పొగ తగిలితేనే మొలుస్తాయి. పొగలో వాటిని మేల్కొలిపే కారికిన్ అనే పదార్థాన్ని శాస్త్రజ్ఞులు 2004లో గుర్తించారు. ఏ చికిత్స సరైనదో తెలియనప్పుడు ఉన్న గింజలన్నిటి మీద ఒకటే ప్రయోగించకుండా, కొద్ది కొద్దిగా విడదీసి పరీక్షించి, కొన్నిటిని ఏమీ చేయకుండా పోలిక కోసం ఉంచాలి.

విత్తనం ఎంత దూరం నుంచి తేవచ్చు అన్నది ఇప్పుడు గట్టిగా చర్చ జరుగుతున్న విషయం. స్థానిక విత్తనం ఆ నేలకు, ఆ వర్షానికి ఇమిడినది కాబట్టి అదే వాడాలన్నది పాత నియమం. వాతావరణం వేడెక్కుతుంటే నేటి స్థానికత రేపటికి సరిపడదని, ఇంకా వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల నుంచి కొంత కలపాలని కొత్త వాదం. రెంటిలోను నిజం ఉంది. చిన్న బృందాలకు నా సలహా ఏమిటంటే, అధికభాగం దగ్గరి మందల నుంచే, అయితే ఎక్కువ సంఖ్యలో మందల నుంచి తీసుకోవాలి. అదే జాతి విస్తరణలో వేడివైపున్న మందల నుంచి కొద్ది భాగం కలిపితే, వాటిని వేరుగా గుర్తుపెట్టి ఎలా నిలదొక్కుకుంటున్నాయో చూడాలి. చాలా దూరపు మందలను, ముఖ్యంగా క్రోమోజోముల సంఖ్య వేరుగా ఉన్నవాటిని కలిపితే సంతానం బలహీనంగా తయారయ్యే ప్రమాదం ఉంది.

నర్సరీ, నాటడం

నర్సరీ మొక్కతో పాటు నర్సరీ తెగులు కూడా పొలానికి వస్తుంది. 2010 తరువాతి సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో స్థానిక మొక్కల నర్సరీలలో ఫైటాఫ్తొరా టెంటాక్యులేటా అనే వేరుకుళ్లు కారకం బయటపడింది. ఆ మొక్కలు నాటిన పునరుద్ధరణ స్థలాల్లో కూడా అది కనిపించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అదే ప్రజాతికి చెందిన మరో జాతి అక్కడి జారా చెట్ల అడవులను, బ్యాంక్సియా అనే స్థానిక మొక్కలను విస్తారంగా చంపింది. కనుక కుండీలను, సంచులను నేల మీద కాక బల్లల మీద ఉంచాలి. వాడిన మట్టిని వేడిచేయకుండా మళ్లీ వాడకూడదు. నీరు నిలవనివ్వకూడదు. ఒక స్థలం నుంచి మరో స్థలానికి వెళ్లేటప్పుడు బూట్లకు, పారలకు అంటిన మట్టిని పూర్తిగా గీకి, 70 శాతం ఆల్కహాలు చల్లాలి. వాడిపోతున్న మొక్కను ఎలాగో బతుకుతుందిలే అని పొలానికి పంపడం కన్నా పారేయడమే క్షేమం. సంచిలో వేరు చుట్టలు చుట్టుకున్న ముదురు మొక్క కంటే చిన్నదైనా వేరు తిన్నగా ఉన్న మొక్క మేలు.

నాటడం గురించి చెప్పవలసింది తక్కువే. తొలి మంచి వానలకు నేల లోతుగా తడిసిన తరువాత నాటి, మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పి, కాండానికి అది తగలకుండా చూడాలి. వరుసలు తీర్చి నాటడం వల్ల ఆవరణ వ్యవస్థకు ఒరిగేదేమీ లేదు. ఎరువు చాలాచోట్ల మొక్కకన్నా కలుపుకే ఉపకరిస్తుంది.

అరుదైన జాతి ఉన్నచోట

స్థలంలో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క ఏదైనా కనిపిస్తే పని పద్ధతి మారుతుంది. దాన్ని పెకలించి సురక్షితమైన చోటికి మార్చడం మొదటి ఆలోచన కాకూడదు. 2013లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రచురించిన మార్గదర్శకాలు కూడా, తరలింపు వల్ల కలిగే లాభనష్టాలు తూచి, మూలకారణం పోయిందని తేలాకే అందుకు పూనుకోవాలంటాయి. ముందుగా ఉన్నచోటనే కాపాడి, విత్తనం కొంత బ్యాంకుకు పంపి, కొన్ని మొక్కలను వేరువేరు తోటల్లో పెంచాలి.

మొక్కల సంఖ్యను చూసి ధైర్యపడటం ఇక్కడ మరీ ప్రమాదకరం. ఎన్సెఫలార్టస్ వుడీ అనే సైకాడ్ (తాటిని పోలిన ఒక ప్రాచీన రకం మొక్క) 1895లో దక్షిణాఫ్రికాలో ఒకే ఒక్క మగ మొక్కగా దొరికింది. ప్రపంచంలోని వృక్షోద్యానాలలో ఈనాడు అనేకం ఉన్నా, అవన్నీ ఆ ఒక్కదాని పిలకలే కాబట్టి దానికి సొంత జాతి ఆడ మొక్కతో విత్తనం కట్టే అవకాశం లేదు. దీనికి భిన్నంగా, 1994లో ఆస్ట్రేలియాలో బయటపడిన వోలెమీ పైన్ విషయంలో, అడవిలో పెద్ద చెట్లు వందలోపే ఉన్నా, చెట్లున్న స్థలాన్ని గోప్యంగా ఉంచి, మరోవైపు మొక్కలను పెంచి అమ్మకానికి పెట్టారు. దాంతో దొంగతనంగా తవ్వుకునే అవసరం తగ్గింది. 2019-20 కార్చిచ్చులో అగ్నిమాపక దళాలు ఆ లోయలో నీటి గొట్టాలు వేసి మరీ వాటిని కాపాడాయి.

గోప్యత సంగతి ఇటీవల మరింత ముఖ్యమైంది. దక్షిణాఫ్రికాలో కొనోఫైటమ్ వంటి చిన్న రసమొక్కలను ఆన్‌లైన్ గిరాకీ కోసం పెద్దఎత్తున తవ్వి తరలిస్తున్నారు. ఫోనుతో తీసిన ఫోటోలో స్థల వివరం దాగి ఉంటుంది. పంచుకునే ముందు దాన్ని తొలగించాలి, నివేదికలో జిల్లా స్థాయికి మించి స్థలం రాయకూడదు.

పర్యవేక్షణ

కొలవడం పని మొదలుకాకముందే మొదలుకావాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. కొన్నిచోట్ల ఇనుప కడ్డీలు పాతి, అక్కడే నిలబడి, అదే దిక్కుకు, ఏటా అదే నెలలో ఫోటో తీయాలి. కొన్ని శాశ్వత గళ్లలో జాతులను, నేలను కప్పిన పచ్చదనాన్ని లెక్కించాలి. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో మొదటి ఎండాకాలం ముగిశాక ఒకసారి, ఆపైన ఏటా చూసి, చచ్చినవాటి కారణం కూడా రాయాలి. వేరుపురుగా, కరువా, మేకా అన్నది తెలియకుండా మళ్లీ అదే గుంతలో అదే జాతిని నాటడంలో అర్థం లేదు.

సొసైటీ ఫర్ ఎకలాజికల్ రెస్టోరేషన్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో ప్రచురించిన రెండో కూర్పు ప్రమాణాలలో ఇందుకు చక్రం ఆకారపు పట్టిక ఒకటి ఉంది. బెడదలు తొలగడం, నేల, నీరు వంటి భౌతిక పరిస్థితులు, జాతుల కూర్పు, అంతస్తుల నిర్మాణం, వ్యవస్థ పనితీరు, చుట్టుపక్కల నేలలతో రాకపోకలు అనే ఆరు అంశాలకు నమూనా స్థలంతో పోల్చి ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు వేస్తారు. పని మొదలుకాకముందు ఒక చక్రం నింపి, ఏటా మరొకటి నింపితే ఏ అంశం కదలకుండా ఆగిపోయిందో వెంటనే తెలుస్తుంది. మొక్కలు బతికి, కొత్త మొలకలు మాత్రం రాకపోతే పరాగవాహకాలో, గింజలు మోసే జీవులో లేవని అనుమానించాలి; మొలకలు వచ్చి ఏడాది తిరక్కుండా మాయమవుతుంటే మేతనో, కలుపునో చూడాలి. డబ్బు ఇచ్చేవారితో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే కనీసం ఐదేళ్ల సంరక్షణ, పర్యవేక్షణ ఖర్చును విడిగా రాయించుకోవాలి. నాటిన సంఖ్యకు బదులు ఐదో ఏట బతికి ఉన్న జాతుల సంఖ్యను, సహజంగా వచ్చిన మొలకల సంఖ్యను లక్ష్యంగా పెట్టించాలి. దానికి ఒప్పుకోని చోట స్థలాన్ని సగానికి తగ్గించి, మిగిలిన సొమ్మును సంరక్షణకు మళ్లించడం మంచి బేరం.